మన హైస్కూలు బైపాస్ అవతలికి మారాలా? పుస్తకాల పండగ ఎలా చేయాలి?

మోడరేటర్
ఊళ్లో ఉన్నవాళ్లకీ, బయట ఉన్న పాత విద్యార్థులకీ నమస్కారం. మన జిల్లా పరిషత్ హైస్కూలు తల్లిదండ్రుల కమిటీ పోయిన ఆదివారం మీటింగులో రెండు సంగతులు చెప్పింది.

మొదటిది, ఊరి నడిబొడ్డున ఉన్న బడిని బైపాస్ రోడ్డు అవతల పంచాయతీ స్థలంలోకి మార్చాలని ప్రతిపాదన వచ్చింది. ప్లానులో కొత్త తరగతి గదులు, సైన్స్ ల్యాబు, పెద్ద ఆటస్థలం, కంప్యూటర్లకీ లైబ్రరీకీ కలిపి ఒక గది ఉన్నాయి. పాత బడి స్థలం ఏం చేస్తారన్నది చెప్పలేదు.

రెండోది, నవంబరు 14 నుంచి 20 దాకా జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు కాబట్టి ఆ వారం బడిలో పుస్తకాల పండగ చేస్తారు. ఖర్చు పాత విద్యార్థులు పెట్టుకుంటామన్నారు.

బడి మార్పు మీద అభిప్రాయాలు నెలాఖరులోగా రాసి ఇవ్వాలి. ఇక్కడ మాట్లాడుకుందాం. పార్టీల గొడవ మాత్రం వద్దు.

రమణ_98_బ్యాచ్
ఇందులో చర్చించడానికి ఏముందో నాకు అర్థం కావడం లేదు. దసరాకి ఊరొచ్చినప్పుడు బడికి వెళ్లాను. ఎనిమిదో తరగతి గదిలో శ్లాబు పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయి. వర్షం కురిస్తే ఒక మూల బక్కెట్టు పెడుతున్నారు, ఆ మూల బల్లలన్నీ ఇటు జరిపి పిల్లల్ని ఇరికించి కూర్చోబెడుతున్నారు. 2019 నవంబరు 14న ప్రభుత్వ బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం మొదలైనప్పుడు మనకి టాయిలెట్లు, మంచినీళ్ల ప్లాంటు, బల్లలు, రంగులు వచ్చాయి. అదనపు గదులు తర్వాతి విడతలో అన్నారు. పునాది తీసి, పిల్లర్లు లేపి, అక్కడితో ఆపారు. ఆ చువ్వలు తుప్పు పట్టిపోతున్నాయి.

ఆటస్థలం అసలు లేదు. ప్రార్థన చేసే జాగాలోనే కబడ్డీ, అక్కడే మధ్యాహ్న భోజనం. ఇలాంటి బడికి పిల్లల్ని పంపమని ఎవరికి చెప్పగలం? అవతల విశాలమైన స్థలం ఉంది. మారాల్సిందే.

కాలవగట్టు_శీను
రమణగారూ, గదులు కావాలని మాకూ ఉంది. వానొస్తే ఆ బక్కెట్టు పక్కన కూర్చునేది మా పిల్లలే. నేను అడిగేది ఒకటే. కాలవగట్టు కాలనీ నుంచి పిల్లలు బైపాస్ ఎట్లా దాటాలి?

అండర్‌పాస్ లేదు. డివైడర్ మధ్యలో బళ్లు తిప్పుకోడానికి వదిలిన సందు ఒకటి ఉంది, అంతే. పొద్దున పూట ఇసుక లారీలు, చేపల వ్యాన్లు ఆ సందు దగ్గర వేగం తగ్గించవు. నేను ఆటో నడుపుతాను, ఆ రోడ్డు నాకు తెలుసు. ప్లాను తీసుకొచ్చినవాళ్లు దీనికి జవాబు చెప్పాక మిగతావి మాట్లాడదాం.

తెనాలి_కుర్రోడు
మారితేనే బాగు. గ్రౌండ్ ఉంటే చాలు, క్రికెట్ టీమ్ తయారవుతుంది.

లైబ్రరీ_మాస్టారు
నేను ఆ బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. చాలామందికి తెలుసు. ఆటస్థలం గురించి, రోడ్డు గురించి అందరూ అంటున్నారు. లైబ్రరీ గురించి ఒక్కరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నాను.

విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో స్పష్టంగా ఉంది: ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలి, అందులో దినపత్రికలు, మ్యాగజైన్లు, కథల పుస్తకాలతో సహా అన్ని విషయాల పుస్తకాలు ఉండాలి. కంప్యూటర్లు పెట్టిన గదికి ఎప్పుడూ తాళమే ఉంటుంది. దుమ్ము పడకూడదు, వైర్లు తెగకూడదు, మానిటర్లు పోకూడదు. ఆ గదిలోనే పుస్తకాలు పెడితే వాటికీ తాళమే. కొత్త భవనం కడుతూ కూడా లైబ్రరీకి విడిగా గది ఇవ్వకపోతే, అదే వారం పుస్తకాల పండగ చేసుకోవడం ఏమిటి? నాకు చాలా బాధగా ఉంది.

రమణ_98_బ్యాచ్
మాస్టారూ, మీరంటే నాకు గౌరవం. పద్యం తప్పు చదివితే మీరు వేసిన మొట్టికాయ ఇంకా గుర్తుంది. కానీ చట్టం లైబ్రరీ ఉండాలంది, విడి గది ఉండాలనలేదు. గది ఎంత ఉండాలో కూడా చెప్పలేదు. దీన్ని పట్టుకుని ప్లాను మొత్తం ఆపకూడదు.

శీనూ, నీకూ జవాబు చెప్తా. అదే చట్టం కింద పెట్టిన రూల్స్ ప్రకారం ఆరు నుంచి ఎనిమిది దాకా చదివే పిల్లలకి బడి 3 కిలోమీటర్ల లోపు ఉంటే చాలు. మీ కాలనీ నుంచి కొత్త స్థలం అందులో సగం కూడా ఉండదు. రూలు ప్రకారం అభ్యంతరం లేదు.

కాలవగట్టు_శీను
నేను కిలోమీటర్లు అడగలేదు. రోడ్డు ఎట్లా దాటాలని అడిగాను.

రమణ_98_బ్యాచ్
స్పీడ్ బ్రేకర్లు వేయిస్తాం. కలెక్టరుకి అర్జీ పెడదాం.

కాలవగట్టు_శీను
ఆ సందు దగ్గర లైటు వేయమని మేం పెట్టిన అర్జీ ఏమైందో ఇప్పటికీ తెలీదు. ముందు రోడ్డు సంగతి తేల్చండి, తర్వాత బడి. బడి కట్టేశాక రోడ్డు చూద్దామంటే ఎవరూ చూడరు.

ఏడోతరగతి_అమ్మ
ఇంతవరకూ చదువుతూ ఊరుకున్నాను. నా సంగతి చెప్తే ఈ మార్పులంటే మాకెందుకు భయమో తెలుస్తుంది.

2022లో జీవో 117 వచ్చింది. 3, 4, 5 తరగతులు హైస్కూల్లో కలిపేశారు. ఆ ఏడాదే మా పెద్దవాడు మూడులోకి వచ్చాడు. అంతకుముందు మా వీధి చివరి బడికి వాడొక్కడే పరిగెత్తేవాడు. కలిపేశాక పొద్దున నేను కూలి మానుకునో, ఆలస్యంగా వెళ్లో వాణ్ణి దింపాల్సి వచ్చింది. సబ్జెక్టు టీచర్లు చెప్తారు, ఇంగ్లీషు బాగా వస్తుంది అన్నారు. వాడక్కడ పెద్ద పిల్లల మధ్య బిక్కుబిక్కుమంటూ ఉండేవాడు. 2025లో ఆ జీవో తీసేశారు. చిన్నపిల్లలు మళ్లీ ప్రాథమిక బడికి వెళ్లారు. అప్పటికి మావాడు ఆరులోకి వచ్చేశాడు. వాడి మూడు, నాలుగు, అయిదు తరగతులు వాళ్ల ప్రయోగాలకే సరిపోయాయి.

ఇప్పుడు వాడు ఏడు. ముందు చూడని తెలుగు పేరా చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కుంటాడు. బడి ఎక్కడుంటుందో అని మీరంతా మాట్లాడుతున్నారు. మావాడికి చదవడం ఎవరు నేర్పుతారో ఒక్కరు చెప్పండి.

గుంటూరు_ప్రసాద్
అమ్మా, జీవో 117కీ ఈ మార్పుకీ సంబంధం లేదు. అది తరగతుల విలీనం, ఇది భవనం.

ఏడోతరగతి_అమ్మ
మీకు సంబంధం లేకపోవచ్చు అండీ. రెండుసార్లూ మమ్మల్ని అడక్కుండానే పైన అనుకున్నారు. నాకు కనపడే సంబంధం అదే.

లైబ్రరీ_మాస్టారు
ఆ తల్లి అన్నది మన ఒక్క ఊరి సమస్య కాదు. పల్లెల్లో పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ 2024 సర్వే ప్రకారం దేశం మొత్తం మీద గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతమే. అందుకే లైబ్రరీ గది కావాలంటున్నాను. చదవడం రావాలంటే పాఠ్యపుస్తకం చాలదు. బొమ్మల కథలు, పొడుపు కథలు, ఏదో ఒకటి చేతిలో ఆడాలి.

మన ప్రాంతం వాళ్లకి ఇది కొత్తగా చెప్పాల్సిన పనే లేదు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారు బెజవాడలో గ్రంథాలయాల వాళ్లందరినీ పిలిచి మహాసభ పెట్టారు. 1918 నుంచి వేటపాలెంలో సారస్వత నికేతనం నడుస్తోంది. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు తిప్పారు. పడవ రేవులో ఆగితే కూలీలు, ఆడవాళ్లు వచ్చి పుస్తకం మార్చుకుని వెళ్లేవారు. ఆ కాలువల పక్కన బతుకుతూ మనం లైబ్రరీకి ఒక గది ఇవ్వలేమా?

కాలవగట్టు_శీను
మాస్టారూ, మంచి మాట చెప్పారు. ఆయన పడవని జనం దగ్గరికి తోలుకొచ్చాడు. ఇప్పుడేమో పుస్తకం కోసం మా పిల్లల్ని లారీల మధ్య నుంచి నడిచి రమ్మంటున్నారు.

రమణ_98_బ్యాచ్
అదే ఉదాహరణ నా వైపు కూడా పనికొస్తుంది. పడవలో నడిచిన లైబ్రరీకి గది ఎందుకు, గోడలెందుకు? పుస్తకాలు ముఖ్యం, గది కాదు. మా బ్యాచ్ తరఫున పండగకి పుస్తకాలు కొంటున్నాం. స్టేజి, మైకు, ఫ్లెక్సీలు, ముఖ్య అతిథులకి శాలువాలు, పిల్లలకి వ్యాసరచన పోటీలు, గెలిచినవాళ్లకి షీల్డులు. ఘనంగా చేస్తాం.

ఇంటర్_ఫస్టియర్
నమస్తే. నేను పోయినేడు అదే బడిలో పది పాసయ్యాను. ఒక విషయం చెప్పాలని ఉంది.

పుస్తకాలు ఇప్పటికే చాలా ఉన్నాయి. హెడ్మాస్టరు గదిలో రెండు ఇనుప బీరువాల నిండా ఉన్నాయి. ఒకదానికి అద్దం తలుపులు, బయటి నుంచి అట్టలు కనపడతాయి. రెండో దానిలో పైఅరలో పుస్తకాల కట్టలు వచ్చినవి వచ్చినట్టే, పురికొస కూడా విప్పలేదు. నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు చెదలు పట్టాయని అటెండరు కింది అర ఖాళీ చేస్తుంటే సాయం చేశాను. పుస్తకాల వెనక వైపు తెల్ల పెయింటుతో నంబర్లు వేసి ఉన్నాయి. మూడు పుస్తకాలు అట్ట తీస్తే లోపల మట్టే. ఇంటికి ఇవ్వమని అడిగితే, పోతే ఎవరు కడతారు అన్నారు. ఎవరినీ తిట్టడానికి చెప్పట్లేదు. మా క్లాసులో చదవాలని ఉన్నవాళ్లు చాలామందిమి ఉండేవాళ్లం.

లైబ్రరీ_మాస్టారు
అమ్మాయ్, నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. లైబ్రరీ ఇన్‌ఛార్జిగా నేను చేశాను కాబట్టి కారణం చెప్తాను. ఆడిట్‌కి వచ్చినవాళ్లు స్టాకు రిజిస్టరు తీసి, నంబరు ప్రకారం పుస్తకం చూపించమంటారు. చిరిగినదాన్ని కొట్టేయాలంటే ఎవరు సంతకం పెట్టాలో తేలదు. పోయినదానికి ఇన్‌ఛార్జి జీతంలోంచి కట్టాలంటారు. అందుకని ఏ మాస్టారికి తాళం ఇచ్చినా మొదట చేసే పని బీరువా మూయడం. పిల్లల చేతిలో నలిగిన పుస్తకం బాగా వాడిన పుస్తకం. మన లెక్కల్లో మాత్రం అది నష్టం. ప్రాథమిక బడికి లైబ్రరీ గ్రాంటు ఏడాదికి 5,000 దాకా వస్తుంది, హైస్కూలుకి ఇంకాస్త ఎక్కువ. వచ్చిన డబ్బుతో కొనడం జరుగుతోంది, పంచడం జరగడం లేదు.

డల్లాస్_కిషోర్
అన్నా రమణ, నా వాటా పంపించేశాను. కొత్త బిల్డింగులో ఒక గదికి మా నాన్నగారి పేరు పెట్టమని మాట్లాడు. లైబ్రరీ గది అయినా సరే.

ఏడోతరగతి_అమ్మ
శాలువాలు, షీల్డులు ఎందుకండీ? ఆ డబ్బుతో పిల్లకి ఒక పుస్తకం ఇంటికి ఇవ్వండి. పోతే పోయిందని ముందే రాసుకోండి. వ్యాసరచన పోటీలో రాసేది ఎప్పుడూ ఆ నలుగురే. చదవడం రానివాడు ఆ వారమంతా వెనక వరుసలో చప్పట్లు కొడుతుంటాడు. మావాడు ఇంటికొచ్చి అదే చెప్తాడు, "ఇవాళ చప్పట్లు కొట్టామమ్మా" అని.

రమణ_98_బ్యాచ్
మేం సొంత డబ్బు పెట్టి చేస్తుంటే దానికీ వంకలేనా? స్టేజి పెట్టకపోతే ఎమ్మెల్యేగారు రారు. ఆయన రాకపోతే కొత్త భవనానికి నిధులు రావు. పని ఎలా జరుగుతుందో తెలియకుండా మాట్లాడితే ఎలా? ఇరవై ఏళ్లుగా ఆ బడి కోసం ఎవరెవరు ఏం చేశారో చెప్పమనండి. మేం బెంచీలు ఇచ్చాం, ఆర్వో ప్లాంటు బాగుచేయించాం. ఊళ్లో ఉన్నవాళ్లు ఏం చేశారు?

కాలవగట్టు_శీను
మేం మా పిల్లల్ని పంపించాం. ఆ బడి ఇవాళ్టి దాకా మూతపడకుండా ఉందంటే అందుకే.

రమణగారూ, అడగకూడదనుకున్నాను, మీరే తెచ్చారు. మీ అన్నయ్యగారి పిల్లలు ఎక్కడ చదువుతున్నారు? పొద్దున్నే పసుపు బస్సులు ఊళ్లోకి వస్తాయి. బజారు వీధిలో, రామాలయం వీధిలో ఆగి పిల్లల్ని ఎక్కించుకుని పోతాయి. హైస్కూలు గేటు ముందు నుంచే పోతాయి. ఊళ్లో సగానికి సగం ఇళ్ల పిల్లలు ఆ గేటు లోపలికి అడుగు పెట్టి ఎన్నాళ్లయిందో. ఇప్పుడు బడి ఎక్కడుండాలో చెప్పేది మాత్రం వాళ్లు.

తెనాలి_కుర్రోడు
అన్నా, కొంచెం తగ్గండి ఇద్దరూ.

రమణ_98_బ్యాచ్
తగ్గను. నా మీద నింద వేశాడు కాబట్టి చెప్తాను. నేను చదివినప్పుడు అన్ని వీధుల పిల్లలూ ఒకే బల్ల మీద కూర్చున్నాం. శీను వాళ్ల అన్న నా బెంచీమేటు. ఆ బడి అలా ఉండాలనే నా కోరిక. ఇప్పుడు ఆ గదులు, ఆ ఇరుకు చూసి ఎవరూ పంపడం లేదు. మంచి భవనం, గ్రౌండు, బస్సు తిరిగే జాగా ఉంటే వెళ్లిపోయినవాళ్లు మళ్లీ వస్తారు. బడికి మళ్లీ మంచి పిల్లలు వస్తారు. అప్పుడు...

కాలవగట్టు_శీను
మంచి పిల్లలా? ఇప్పుడున్నవాళ్లు ఎవరు మరి?

రమణ_98_బ్యాచ్
నా ఉద్దేశం అది కాదు.

కాలవగట్టు_శీను
మీ ఉద్దేశం ఏదైనా, ప్లాను అదే చెప్తోంది. బైపాస్ అవతల కొత్త వెంచర్లు పడ్డాయి. అటు ఇళ్లు కట్టుకునేవాళ్లకి, కార్లో దింపేవాళ్లకి ఆ బడి బాగుంటుంది. నడిచి వచ్చేవాళ్లు కాలనీ పిల్లలు, ఎస్టీ పేట పిల్లలు, కాలవ పని కోసం వచ్చి గుడిసెలు వేసుకున్నవాళ్ల పిల్లలు. వాళ్లు రోడ్డు దాటలేక ఎనిమిదిలో మానేస్తే ఎవరూ లెక్క రాయరు. నాకు తెలిసిన ఒక ఆడపిల్లని, దారి ఎడంగా ఉందని బడి మానిపించి మిర్చి కోతకి పంపారు. అది వేరే ఊళ్లో జరిగింది, ఇక్కడ జరగకూడదని అడుగుతున్నాను. వెళ్లిపోయినవాళ్లని రప్పించుకోడానికి బడి కడతారా, ఉన్నవాళ్ల కోసం కడతారా? ముందు అది చెప్పండి.

గుంటూరు_ప్రసాద్
ఇదీ అసలు ప్రశ్న. కిలోమీటర్లు, గదులు కాదు.

లైబ్రరీ_మాస్టారు
రమణా, నువ్వు చెడ్డ మనసుతో అన్నావని నేను అనుకోను. కానీ ఒకటి ఆలోచించు. మీ బ్యాచ్‌లో అన్ని వీధుల పిల్లలూ కలిసి కూర్చోడానికి కారణం భవనం బాగుండటం కాదు. అప్పుడూ పెంకులు కారేవి. ఊరి మధ్యలో ఉంది, వేరే బడి లేదు, అందరూ వచ్చారు. ఇంగ్లీషు మీడియం పేరుతో బస్సులు వచ్చాక వెళ్లిపోయినవాళ్లు గ్రౌండు చూసి వెనక్కి వస్తారా? వాళ్లు వెళ్లింది ఆ కారణానికి కాదు.

నా గది మాట మాత్రం నేను వదలను. ఎక్కడ కట్టినా లైబ్రరీ విడిగా ఉండాలి.

రమణ_98_బ్యాచ్
అయితే ఆ శ్లాబు కింద పిల్లల్ని ఇంకెన్నాళ్లు కూర్చోబెడదాం మాస్టారూ? పెచ్చు ఒక పిల్ల నెత్తిన పడితే ఎవరు జవాబు చెప్తారు? శీను రోడ్డు గురించి భయపడుతున్నాడు, నేను శ్లాబు గురించి భయపడుతున్నాను. నాది దొంగ భయం, అతనిది నిజం భయం అంటే ఒప్పుకోను. "మంచి పిల్లలు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. బడి మారాలన్నది తీసుకోను.

ఏడోతరగతి_అమ్మ
రమణగారూ, శ్లాబు గురించి మీరన్నది నిజమే. వాన పడ్డ రోజు నాకూ అదే టెన్షన్. మరి ఆ లేపి వదిలేసిన పిల్లర్లు బడి ఆవరణలోనే ఉన్నాయి కదా. వాటి మీద శ్లాబు వేయమని ఎమ్మెల్యేగారిని అడగొచ్చు కదా. కొత్త స్థలానికి వచ్చే డబ్బులో కొంత చాలదా?

రమణ_98_బ్యాచ్
చువ్వలు తుప్పు పట్టాయి. వాటి మీద వేయొచ్చో లేదో ఇంజనీరు చూడాలి.

ఏడోతరగతి_అమ్మ
చూపించండి. చూశాక వేయకూడదంటే అప్పుడు అవతలి స్థలం మాట్లాడదాం. ఇప్పటిదాకా ఎవరైనా చూశారా?

రమణ_98_బ్యాచ్
నాకు తెలిసి చూడలేదు. అడుగుతాను. మా బ్యాచ్‌లో సివిల్ చేసినవాడు ఒకడు ఉన్నాడు, ముందు వాణ్ణి తీసుకొస్తా.

తెనాలి_కుర్రోడు
గ్రౌండు సంగతి? బడి ఇక్కడే ఉంచి ఆ పంచాయతీ స్థలాన్ని ఆటలకి ఇవ్వొచ్చుగా.

డల్లాస్_కిషోర్
అన్నా, నాన్నగారి పేరు గదికే ఉండాలని లేదు. పుస్తకాలు ఇంటికి ఇచ్చేటట్టయితే నా వాటా దానికే వాడండి. పోయిన పుస్తకాల డబ్బు మాస్టర్ల జీతాల్లో కోయకుండా నేను కడతాను. పిల్లలు ఎత్తుకుపోయినా పర్లేదు.

ఇంటర్_ఫస్టియర్
పుస్తకాలు ఇంటికి ఇచ్చే పని నేను, మా ఫ్రెండ్స్ ఇద్దరం చూసుకుంటాం. సాయంత్రం కాలేజీ అయ్యాక వస్తాం. బీరువా తాళం ఇప్పించండి చాలు. పేరు, తరగతి, పుస్తకం నంబరు నోటుబుక్కులో రాస్తాం.

లైబ్రరీ_మాస్టారు
తాళం సంగతి నేను హెడ్మాస్టరుతో మాట్లాడతాను. పాత పుస్తకాలు రిజిస్టరులోంచి కొట్టేయడానికి కమిటీ తీర్మానం కావాలి, అది వచ్చే ఆదివారం మీటింగులోనే పెట్టమంటాను. పండగ మొదటి రోజు స్టేజి ఎక్కకముందే ఆ కట్టల పురికొస కోయాలి. ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉంది, అక్కడి పుస్తకాలు కూడా ఆ వారం బడికి తెప్పిద్దాం. 1960 గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ పుస్తకాలు మనవే.

కాలవగట్టు_శీను
పండగ బాగా చేయండి, మా కాలనీ పిల్లల్ని నేనే ఆటోలో తీసుకొస్తా. బడి మార్పు మీద నేను రాసి ఇచ్చే కాగితంలో మూడు మాటలు ఉంటాయి. పిల్లర్లు ఇంజనీరు చూడకుండా బడి మార్చకూడదు. బైపాస్ మీద దాటే దారి కట్టకుండా ఒక్క తరగతి కూడా అవతలికి పోకూడదు. పాత బడి స్థలం షాపులకి ఇవ్వకూడదు. కాలనీలో సంతకాలు మొదలుపెట్టాను. మిగతా వీధుల వాళ్లు ఎవరైనా పెడతారా?

ఏడోతరగతి_అమ్మ
నేను పెడతాను. కిందే ఇంకో మాట రాయండి శీనన్నా, ఎనిమిదో తరగతిని ఆ గదిలోంచి రేపే ఖాళీ చేయించమని. వరండాలో అయినా కూర్చోబెట్టమనండి.

రమణ_98_బ్యాచ్
ఆ నాలుగో మాటకి నా సంతకం కూడా వేసుకో శీనూ. మొదటిదానికీ వేస్తా. మిగతా రెండూ ఆదివారం మీటింగుకి ఊరొచ్చి ఎదురెదురుగా మాట్లాడతా.

కాలవగట్టు_శీను
రండి. మీటింగుకి ఒకరోజు ముందే రండి, శనివారం బడి వేళకి ఆ సందు దగ్గర నిలబడదాం.

మోడరేటర్
మీటింగు ఆదివారం పొద్దున పదింటికి, బడి ఆవరణలో. రాసిన కాగితాలు అక్కడే కమిటీ చైర్మన్‌కి ఇవ్వచ్చు. రాయడం రానివాళ్లు చెప్తే రాసి పెట్టడానికి మాస్టారు ఒప్పుకున్నారు. ఈ చర్చ అప్పటిదాకా తెరిచే ఉంటుంది.